పడకగదికి ఏ నీలం?

దుకాణంలో షేడ్ కార్డు మీద ముచ్చటగా కనిపించిన నీలం, గోడకెక్కాక వేరే రంగులా ఎందుకు కనిపిస్తుంది? కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్ళు, పాత ఇంటికి రంగులు వేయించుకున్నవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. లేత ఆకాశం రంగు అనుకుని వేయించింది పొద్దున తెల్లగా ఉంటుంది, మధ్యాహ్నానికి చిక్కబడుతుంది, రాత్రి లైటు వేయగానే బూడిదరంగులోకి దిగుతుంది. పేంటర్ తప్పు కలిపాడేమో, డబ్బా నంబరు మారిందేమో అన్న అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ రెండూ జరిగి ఉండవు.

డబ్బాలో ఉన్నది రంగుపొడి. నీలం కనబడాలంటే గదిలోకి వచ్చే వెలుగు, గోడ మీది పూత, చూసే కన్ను కలవాలి. ఏ రంగుకైనా ఇదే సూత్రం. నీలానికి మాత్రం చిక్కు ఎక్కువ. పగటి వెలుగుకూ పసుపుపచ్చటి బల్బు వెలుగుకూ మధ్య అన్నిటికన్నా ఎక్కువగా తగ్గిపోయేది నీలం వాటాయే. అందుకే పడకగదికి నీలం ఎంచుకునేవారు కార్డు కంటే ముందు గదిని చూడాలి. రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలోని హిమాయత్‌నగర్‌లో కట్టిన ఒక ఇంటి పడకగదిని ఊహించుకుంటే విషయం అంచెలంచెలుగా అర్థమవుతుంది.

పాలపిట్ట రెక్కలో లేని రంగు

ఎండలో అన్ని రంగులూ కలిసే ఉంటాయి. గోడ మీది పూత వాటిలో కొన్నింటిని మింగి, మిగతావాటిని వెనక్కి పంపుతుంది. జాజు పూసిన గోడ నీలాన్నీ ఆకుపచ్చనూ మింగి ఎరుపును తిప్పి పంపుతుంది. నీలం గోడ ఎరుపునూ పసుపునూ మింగుతుంది. ఇలా ఎంపిక చేసి మింగే పదార్థమే రంగుపొడి. ఇంగ్లిష్‌లో దీన్ని పిగ్మెంట్ అంటారు.

ఎరుపుకు జాజు, తెలుపుకు సున్నం, నలుపుకు బొగ్గు, పసుపుకు పసుపే ఉన్నాయి. తవ్వుకొచ్చి గోడకు పూసుకునే నీలం మన్ను మాత్రం ఊళ్ళో దొరకదు. పాత ఊళ్ళలో జాజు గోడలూ సున్నం గోడలూ కనిపించినంతగా నీలం గోడలు కనిపించకపోవడానికి ఇదొక కారణం.

జీవులలోనూ నీలం పొడి అరుదే. తెలంగాణ రాష్ట్ర పక్షి పాలపిట్ట. దసరా నాడు దాన్ని చూడటం శుభమని జనం నమ్ముతారు. అది రెక్కలు విప్పినప్పుడు మెరిసే నీలంలో నీలం పొడి ఏమీ ఉండదు. ఈక లోపలి అతి చిన్న గాలి గుల్లలు నీలం వెలుగును ఎక్కువగా వెనక్కి చెదరగొడతాయి. ఈకను నలగ్గొట్టి ఆ గుల్లలు చెడగొడితే నీలం పోతుంది. భౌతికశాస్త్రవేత్త సి.వి. రామన్ ఈ పిట్ట ఈకలను పరిశీలించి 1934లో వాటి రంగు పుట్టుక గురించి రాశారు. మొయినాబాద్ మండలంలోనే, చిలుకూరు దగ్గర ఉన్న మృగవని జాతీయ పార్కులో తిరిగే నెమళ్ళ కంఠం నీలం కూడా ఈక నిర్మాణం నుంచి వచ్చేదే. షేడ్ కార్డులో ‘నెమలికంఠం’ అని చూసి ఎంచుకున్న పూత నెమలిలా మెరవకపోవడానికి కారణం ఇదే. నెమలి ఈకలో రంగు చూసే కోణాన్ని బట్టి మారుతుంది. గోడ మీది పొడి ఏ వైపు నుంచి చూసినా ఒకేలా వెలుగును మింగుతుంది.

నీలిమందు నుంచి నేటి డబ్బా దాకా

నీలిమొక్క ఆకుల్ని నీళ్ళలో ఊరబెట్టి, చిలికి, అడుగున పేరుకున్న మడ్డిని ఎండబెడితే నీలిమందు వస్తుంది. శతాబ్దాల పాటు తెలుగు నేల నుంచి అది ఓడలెక్కి విదేశాలకు వెళ్ళింది. 1897లో జర్మనీ నుంచి కృత్రిమ నీలిమందు అమ్మకానికి వచ్చాక నీలిమొక్క సాగు దెబ్బతింది. నీలిమందు ప్రధానంగా బట్టల అద్దకానిది. గోడల కథ వేరు.

గోడల మీదికి ఎక్కిన నీలం అల్ట్రామరైన్. ఒకప్పుడు దాన్ని అఫ్ఘనిస్తాన్‌లోని బదఖ్షాన్ గనుల రాయిని నూరి తయారుచేసేవారు. దాని ధర బంగారంతో పోటీ పడేది. దాన్ని చౌకగా కృత్రిమంగా చేసినవారికి 6,000 ఫ్రాంకులు ఇస్తామని 1824లో ఫ్రాన్స్‌లో బహుమతి ప్రకటించారు. 1828లో గిమే అనే రసాయనవేత్తకు ఆ బహుమతి దక్కింది. బంకమట్టి, సోడా, గంధకం, బొగ్గు కలిపి కాల్చి చేసే ఈ పొడే తర్వాత బట్టలకు పెట్టే నీలంగా కిరాణా కొట్లకు చేరింది. పదార్థం మారినా జనం దాన్ని నీలిమందు అనే పిలిచారు.

వెల్ల వేసేటప్పుడు సున్నంలో చిటికెడు నీలం కలపడం ఊళ్ళలో ఇప్పటికీ ఉన్న అలవాటు. సున్నం కాలం గడిచేకొద్దీ పసుపుపచ్చగా మారుతుంది. కొంచెం నీలం ఆ పసుపును కప్పేసి గోడను మరింత తెల్లగా చూపిస్తుంది. చేయి కాస్త జారి నీలం ఎక్కువ పడితే గోడ లేత నీలమవుతుంది. ఆ లేత నీలమే ఎన్నో ఇళ్ళకు మొదటి నీలం గోడ.

ఇక్కడ రసాయనశాస్త్రం చెప్పే జాగ్రత్త ఒకటుంది. సున్నం, కొత్త సిమెంటు ప్లాస్టరు గట్టి క్షారాలు. అల్ట్రామరైన్ క్షారానికి తట్టుకుంటుంది, ఆమ్లం తగిలితే వెలిసిపోతుంది. 18వ శతాబ్దం మొదట్లో బెర్లిన్‌లో పుట్టిన ప్రష్యన్ బ్లూ దీనికి తలకిందులు. క్షారం తగిలితే అది విరిగి గోధుమరంగుకు తిరుగుతుంది. కాబట్టి కొత్త ప్లాస్టరు మీద నీలం వేయాలంటే గోడ పూర్తిగా ఆరాలి, ప్రైమర్ పడాలి. నీళ్ళు పట్టడం అయిపోయాక కూడా గోడకు కనీసం నెల రోజులు ఇవ్వడం మంచిది.

ఇప్పటి ఎమల్షన్ డబ్బాల్లో ఎక్కువగా కనిపించే నీలం థాలోసయనిన్. 1928లో స్కాట్లాండ్‌లోని ఒక కర్మాగారంలో వేరే పదార్థం తయారుచేస్తుండగా పాత్ర పైపూత పగిలి, లోపలి ఇనుము కలిసి ఒక నీలం మడ్డి ఏర్పడింది. ఆ మడ్డిలో ఇనుము స్థానంలో రాగిని ఉంచి చేసిన పొడి 1935లో బజారుకొచ్చింది. ఎండకూ క్షారానికీ అది బాగా ఆగుతుంది. దాని రంగు బలం కూడా ఎక్కువ. తెల్లటి బేసులో కొన్ని చుక్కలు పడితే చాలు, డబ్బా అంతా నీలమవుతుంది. లేత నీలాన్ని చేత్తో కలిపినప్పుడు రెండో డబ్బా మొదటిదానితో సరిపోలకపోవడం అందుకే. గది మొత్తానికి కావలసిన రంగును ఒకేసారి, మెషిన్ మీద కలిపించడం మేలు.

నీలాల్లో రెండు మొగ్గులు ఉన్నాయని గుర్తుంచుకుంటే ఎంపిక సులువవుతుంది. థాలో నీలం ఆకుపచ్చ వైపు మొగ్గుతుంది; మైలుతుత్తం రంగును తలపిస్తుంది. అల్ట్రామరైన్ ఊదా వైపు మొగ్గుతుంది. శంఖుపువ్వుకు దగ్గరగా ఉంటుంది. కార్డు మీద రెండూ ‘నీలం’గానే కనిపించినా గదిలో రెండు దారులు పడతాయి.

కిటికీ ఏ దిక్కు చూస్తోంది?

హిమాయత్‌నగర్ దాదాపు 17.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 9, ఆగస్టు 3 ప్రాంతాల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ పడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు కాస్త ఉత్తరానికి వాలి ఉంటాడు. మిగతా ఏడాదంతా దక్షిణానికి వాలతాడు. డిసెంబరు చివర మధ్యాహ్నం కూడా దక్షిణాన 49 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు.

దీన్నిబట్టి ఉత్తరపు కిటికీలోంచి ఏడాదిలో ఎక్కువకాలం నేరుగా ఎండ రాదు, ఆకాశపు వెలుగు మాత్రమే వస్తుంది. గాలిలోని అణువులు ఎరుపు కంటే నీలాన్ని సుమారు ఆరు రెట్లు ఎక్కువగా చెదరగొడతాయి కాబట్టి ఆ వెలుగులోనే నీలం కలిసి ఉంటుంది. ఉత్తరపు గదిలో లేత నీలం మరింత నీలంగా, ఒక్కోసారి చలిగా కనిపిస్తుంది. అక్కడ ఊదా మొగ్గు ఉన్న లేత నీలం కొంత మెత్తదనం ఇస్తుంది.

తూర్పు కిటికీ గదిలో పొద్దుటి బంగారు వెలుగు పడి, తొమ్మిది పది గంటలు దాటాక ఆకాశపు నీలం మిగులుతుంది. పడమటి కిటికీ గదిలో వరుస తిరగబడుతుంది. పగలంతా నీలంగా ఉన్న గోడ, సాయంత్రం వాలుటెండ పడగానే నీలం కోల్పోయి బూడిదరంగుకు దిగుతుంది. వాలుటెండలో నీలం వాటా తక్కువ. లేని రంగును గోడ తిప్పి పంపలేదు.

తెలుగు ఇళ్ళలో ఇది ముఖ్యమైన సంగతి. వాస్తు అలవాటు ప్రకారం ఇంటి పెద్దల పడకగది నైరుతి మూలన కడతారు. అంటే కిటికీలు దక్షిణానికో పడమరకో పెడతారు. వెచ్చటి వెలుగు ఎక్కువగా పడేది ఈ గదిలోనే. ముందే బూడిద కలిసిన నీలాన్ని ఇక్కడ వేస్తే సాయంత్రానికి మురికిగా తోస్తుంది. కాస్త తేటగా, స్వచ్ఛంగా ఉన్న నీలం నిలబడుతుంది.

కిటికీ బయట ఏముందో కూడా చూడాలి. ఈ దగ్గర్లోని జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి. వాటి పరీవాహక ప్రాంతాన్ని కాపాడేందుకు 1996లో వచ్చిన 111 జీవో వల్ల ఈ చుట్టుపక్కల ఊళ్ళలో ఎత్తైన భవనాలు చాలాకాలం పెరగలేదు. ఎదురుగా అంతస్తులు లేని ఇంట్లో కిటికీ నిండా ఆకాశం కనిపిస్తుంది. ఎదురుగా కూరగాయల మడి ఉంటే గదిలోకి లేత ఆకుపచ్చ ఛాయ వస్తుంది. దున్నిన ఎర్ర చెలక ఉంటే ఎర్రటి వెచ్చదనం వస్తుంది. పంట మారితే గోడ రంగు కూడా కాస్త మారినట్టుంటుంది.

నాలుగు గోడలు ఒకదానికొకటి అద్దాలు

కార్డు మీది ముక్క ఒంటరిది. గదిలో మాత్రం నాలుగు గోడలు ఎదురెదురుగా నిలబడి ఒకదాని వెలుగును మరొకటి అందుకుంటాయి. ఒక లేత నీలం గోడ తన మీద పడిన నీలం వెలుగులో నూటికి 80 పాళ్ళు, ఎరుపు వెలుగులో 60 పాళ్ళు తిప్పి పంపుతుందనుకుందాం. ఆ వెలుగు ఎదుటి గోడకు తగిలి వచ్చేసరికి నీలం 64, ఎరుపు 36 అవుతాయి. మూడో గోడకు తగిలాక 51, 22 మిగులుతాయి. తగిలిన ప్రతిసారీ నీలం పక్క బరువు పెరుగుతుంది. అందుకే నాలుగు గోడలకూ వేసిన నీలం కార్డు మీదికంటే ఘాటుగా ఉంటుంది. గది మూలల్లో ఈ ఘాటు బాగా తెలుస్తుంది. కార్డులో నచ్చినదానికంటే ఒక మెట్టు లేతది తీసుకోమని అనుభవం ఉన్న పేంటర్లు చెప్పేమాటకు ఆధారం ఇదే.

కొన్ని షేడ్ కార్డుల మీద ప్రతి రంగుకూ ఒక అంకె ఉంటుంది. దాన్ని వెలుగును తిప్పి పంపే అంకె అనవచ్చు. కంపెనీలు ఎల్ఆర్‌వి అని రాస్తాయి. నలుపుకు 0, తెలుపుకు 100. అరవై దాటిన నీలం గదిని వెలుగుగా ఉంచుతుంది. పది లోపు ఉండే నేవీ బ్లూ పడిన వెలుగులో ఎక్కువభాగం మింగేస్తుంది. కిటికీ ఒక్కటే ఉన్న చిన్న గదిలో ముదురు నీలం కావాలంటే తలవైపు గోడ ఒక్కదానికే వేసి, మిగతా మూడింటినీ తెల్లగా ఉంచితే గదికి వెలుగు దక్కుతుంది.

రాత్రి బల్బు కింద

పడకగదిని జనం మెలకువతో వాడేది ఎక్కువగా రాత్రీ, తెల్లవారుజామునా. కాబట్టి నడిమధ్యాహ్నం దుకాణంలో ఎంచుకున్న నీలం రాత్రి పరీక్షలో నెగ్గాలి.

బల్బు పెట్టె మీద 2700కె, 4000కె, 6500కె అన్న అంకెలు ఉంటాయి. అవి వెలుగు ఛాయను చెబుతాయి. అంకె తగ్గేకొద్దీ వెలుగు దీపంలా పసుపుపచ్చగా, పెరిగేకొద్దీ ఆకాశంలా నీలితెల్లగా ఉంటుంది. 6500కె బల్బు కింద నీలం గోడ నీలంగానే నిలుస్తుంది. 2700కె కింద అదే గోడ బూడిద వైపు దిగుతుంది. ఆకుపచ్చ మొగ్గున్న నీలం సముద్రపు రంగుకు, ఊదా మొగ్గున్నది మసక ఊదాకు జరుగుతాయి.

ఎల్ఈడీ వెలుగుకు ఇంకో గుణం ఉంది. దాని లోపల నీలం వెలుగు చిమ్మే చిన్న ముక్క, దానిమీద పసుపు పూత ఉంటాయి. ఆ నీలం ముక్కను సాధించినందుకే 2014 భౌతికశాస్త్ర నోబెల్ ముగ్గురు జపాన్‌లో పుట్టిన శాస్త్రవేత్తలకు దక్కింది. ఈ వెలుగు కంటికి తెల్లగా ఉన్నా, ఎండలోలాగా అన్ని ఛాయలూ సమంగా ఉండవు. పగలు ఒకేలా కనిపించిన గోడ నీలమూ కర్టెన్ నీలమూ రాత్రి వేరుపడటం ఇందువల్లే. దీన్ని జంటరంగుల మాయ అనవచ్చు. శాస్త్రంలో మెటామెరిజం అంటారు. గోడకు తగిన కర్టెన్ కొనేటప్పుడు రెండిటినీ గదిలోని బల్బు కిందే పక్కపక్కన పెట్టి చూడటం అవసరం.

కన్ను కూడా రంగు కలుపుతుంది

1839లో ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రల్ ఒక పెద్ద గ్రంథం వెలువరించారు. ప్యారిస్‌లోని గోబెలాఁ నేత కర్మాగారంలో దారాల రంగుల మీద వచ్చిన ఫిర్యాదుల నుంచి అది పుట్టింది. రంగు బాగానే ఉందని, పక్కన ఉన్న రంగు దాన్ని మార్చి చూపిస్తోందని ఆయన తేల్చారు. పసుపు పక్కన నీలం మరింత నీలంగా, మరో ముదురు నీలం పక్కన అదే వెలసినట్టుగా కనిపిస్తుంది.

ఆ పక్కరంగు నేలది కూడా కావచ్చు. మొయినాబాద్ నుంచి చేవెళ్ళ దాటి పడమటి దిక్కున వెళితే తాండూరు. అక్కడి నాపరాయిని ఈ ప్రాంతపు ఇళ్ళలో నేలకు పరుస్తారు. అది పసుపుపచ్చ ఛాయలోనూ నీలి బూడిద ఛాయలోనూ దొరుకుతుంది. పసుపు ఛాయ బండల మీద లేత నీలం గోడ తేటగా మెరుస్తుంది. నీలి బూడిద బండల పక్కన అదే గోడ నీరసంగా తోస్తుంది. అక్కడ ఒక మెట్టు చిక్కటి నీలం కావాలి. టేకు తలుపులూ మంచమూ గోధుమరంగుతో నీలానికి ఊతమిస్తాయి.

మసక వెలుగులో కన్ను పనిచేసే తీరే మారుతుంది. ఎర్రపూలు చీకటి పడేకొద్దీ నల్లబడుతుంటే నీలం పూలు ఇంకా వెలుగుతున్నట్టు ఉండటాన్ని చెక్ శాస్త్రవేత్త పుర్కిన్యే 1819లో గమనించారు. చీకట్లో పనిచేసే కంటి కణాలకు నీలం, ఆకుపచ్చ ఛాయలు బాగా అందుతాయి, ఎరుపు దాదాపు అందదు. తెల్లవారుజామున నీలం గది మెత్తగా, పాలనురుగులా కనిపించడానికి కారణం అదే.

వయసు పైబడేకొద్దీ కంటి కటకం పసుపు తిరుగుతుంది. లోపలికి వెళ్ళే నీలం తగ్గుతుంది. మనవరాలికి తేటగా కనిపించే నీలం నాయనమ్మకు మసగ్గా ఉండవచ్చు. శుక్లం ఆపరేషన్ తర్వాత అదే గోడ ఒక్కసారిగా నీలంగా మెరుస్తుంది. పెద్దల గదికి రంగు ఎంచేటప్పుడు వాళ్ళ కళ్ళతో చూసి ఎంచుకోనివ్వడం న్యాయం.

చల్లదనం, నిద్ర

నీలం వేస్తే గది చల్లబడుతుందా? థర్మామీటరు ప్రకారం లోపలి గోడ రంగుతో పెద్ద తేడా రాదు. ఎండాకాలం వేడి వచ్చేది స్లాబు మీదుగా, పడమటి గోడ బయటివైపు నుంచి. చల్లదనానికి రంగు వేయాల్సింది అక్కడే. డాబా మీద తెల్లపూత వంటి పద్ధతులను ప్రోత్సహించేందుకు తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానాన్ని తెచ్చింది. నీలం గదిలో కలిగే చల్లదనం, నీళ్ళనూ ఆకాశాన్నీ గుర్తుచేసే మనసుది. ఆ హాయికి విలువ లేకపోలేదు, అయితే అది ఫ్యాను చేసే పనికి బదులు కాదు.

నీలం వెలుగు నిద్ర చెడగొడుతుందని అంటారు కదా, నీలం గోడ కూడా అంతేనా? కంటి వెనుక పొరలో కొన్ని కణాలు నీలం వెలుగును పసిగట్టి, ఇంకా పగలే ఉందని శరీరానికి చెబుతాయి. ఈ సంగతి గత పాతికేళ్ళ పరిశోధనల్లో స్పష్టమైంది. అయితే గోడ సొంతంగా వెలుగు పుట్టించదు. లైటు ఆర్పితే నీలం గోడా తెల్లగోడా చీకట్లో ఒక్కటే. నిద్రకు అడ్డొచ్చేది పడుకునే ముందు వెలిగే 6500కె ట్యూబులైటు, చేతిలోని ఫోను. పడకగదిలో రాత్రి 2700కె బల్బు తక్కువ వెలుగుతో పెడితే గోడ తిప్పి పంపడానికి నీలమే పెద్దగా ఉండదు. అలాంటి వెలుగులో నీలం బూడిదకు దిగడం లోపం కాదు, గది నిద్రకు సిద్ధమవుతున్న గుర్తు.

ఎంచుకునే వరుస

ముందుగా గది దిక్కు, కిటికీ బయటి దృశ్యం, నేల బండల రంగు చూడాలి. రాత్రి వాడే బల్బు అప్పుడే నిర్ణయించాలి. ఆ తర్వాత కార్డులో మూడు నీలాలు తీసుకోవాలి: నచ్చినది ఒకటి, దానికంటే లేతది ఒకటి, మొగ్గు వేరుగా ఉన్నది ఒకటి. వాటి చిన్న డబ్బాలు తెచ్చి, తెల్ల ప్రైమర్ పూసిన రెండడుగుల ప్లైవుడ్ ముక్కల మీద రెండేసి కోట్లు వేయాలి. పాత రంగు గోడ మీదే వేసి చూస్తే పక్కరంగు కంటిని తప్పుదారి పట్టిస్తుంది.

పూత పూర్తిగా ఆరాకే తీర్పు చెప్పాలి. తడిగా ఉన్నప్పుడు ఎమల్షన్ పాలలా తెల్లగా ఉండి, ఆరాక చిక్కబడుతుంది. సున్నం పూత ఇందుకు విరుద్ధం. తడిగా ముదురుగా ఉండి, ఆరాక లేతబడుతుంది. మెరుపు లేని మ్యాట్ పూత వెలుగును అన్ని వైపులా చెదరగొట్టి లప్పం ఎగుడుదిగుళ్ళను దాస్తుంది. మెరుపు పూత రంగును చిక్కగా చూపినా, కిటికీని అద్దంలా ప్రతిబింబిస్తుంది. ఎర్ర చెలకల దుమ్ము వచ్చే ఊళ్ళలో కిటికీ కింది గోడకు, తడిగుడ్డతో తుడవగలిగే పూత తీసుకుంటే లేత నీలం ఎక్కువకాలం నిలుస్తుంది.

ఆ ముక్కలను ఒక్కో గోడ దగ్గరా, ముఖ్యంగా మూలల్లో నిలబెట్టి మూడు వేళల్లో చూడాలి: తెల్లవారుతున్నప్పుడు, సాయంత్రం ఎండ వాలినప్పుడు, రాత్రి పడుకునే ముందు వేసుకునే బల్బు కింద. మంచం మీద పడుకుని చూడటం అన్నిటికంటే మంచిది, ఆ గోడ రోజూ కనిపించేది అక్కడి నుంచే. మూడు వేళల్లోనూ ఇంట్లోవాళ్ళకు నచ్చిన నీలం ఏదో, ఆ గదికి అదే సరైన నీలం.